పెరట్లో రేకుల షెడ్డు, పక్కింటి హద్దు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటి వెనక నాలుగు పైపులు పాతి, పైన ఆరేడు రేకులు పరిచి, పాత మంచాలు, గడ్డపార, మోటారు సామాను, వడ్ల బస్తాలు పెట్టుకోవడానికి ఒక అర్ర వేసుకుందామని అనుకోని కుటుంబం నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి పట్టణాల్లో వెతికినా దొరకదు. ఆ అర్రను దాదాపు అందరూ ప్రహరీ గోడకు ఆనించే వేస్తారు. గొడవలు కూడా అక్కడే మొదలవుతాయి. నేను ఇళ్ల ప్లాన్లు గీసే పనిలో ఉన్నాను. ఈ విషయమై నన్ను పదే పదే అడిగే ప్రశ్నలకు నేను చెప్పే జవాబులివి.

పది అడుగుల రేకుల షెడ్డుకు కూడా అనుమతి కావాలా? అది ఇల్లు కాదు కదా?

చట్టం దృష్టిలో అది కట్టడమే. పురపాలక చట్టాలు భవనం అనే మాటకు ఇచ్చే నిర్వచనం ఇంటితో ఆగదు. బయటి గది, గుడిసె, పశువుల కొట్టం, షెడ్డు వంటివి ఇటుకతో కట్టినా, మట్టితో పెట్టినా, కట్టెతో నిలిపినా, ఇనుముతో బిగించినా అందులోకే వస్తాయి. "సిమెంటు వాడలేదు, బోల్టులు విప్పితే ఊడి వస్తుంది, కనుక ఇది తాత్కాలికం" అనే వాదన నేను చాలాసార్లు విన్నాను గానీ, నేలలో కాంక్రీటు పోసి పైపు పాతిన షెడ్డు విషయంలో ఆ వాదన నెగ్గడం ఒక్కసారి కూడా చూడలేదు. పెళ్లికి రెండు రోజులు వేసే షామియానా, ఎండాకాలంలో మొక్కల మీద కట్టే ఆకుపచ్చ వల వేరే సంగతి. వాటిని ఎవరూ కట్టడం అనరు.

అయితే అనుమతి కాగితం ఉందా లేదా అన్నదానికన్నా ముందు తేల్చుకోవలసింది మరొకటి ఉంది. షెడ్డు వేయదలచిన జాగా కట్టుకోవడానికి మిగిలిన జాగానా, లేక నియమాల ప్రకారం ఖాళీగా వదిలిపెట్టవలసిన జాగానా? మొదటిదైతే అనుమతి తెచ్చుకోవడం పెద్ద పని కాదు. రెండోదైతే ఏ కాగితమూ ఆ షెడ్డును కాపాడదు.

మా ప్లాటుకు అనుమతి ఏ పద్ధతిలో వస్తుంది?

పట్టణాల్లో 2019 నాటి తెలంగాణ పురపాలక చట్టం, ఆన్‌లైన్‌లో భవన అనుమతులిచ్చే పద్ధతి తెచ్చిన 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టం కలిసి దీన్ని నిర్ణయిస్తాయి. ప్లాటు 75 గజాల లోపు ఉండి, కట్టడం ఏడు మీటర్ల ఎత్తు మించకపోతే అనుమతి అవసరం లేదు. ఒక్క రూపాయి కట్టి ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే చాలు. ప్లాటు 75 గజాలు దాటి 600 గజాల వరకు, అంటే సుమారు 500 చదరపు మీటర్ల వరకు ఉండి, ఎత్తు పది మీటర్లు మించకపోతే యజమాని స్వీయ ధ్రువీకరణ మీద అనుమతి వెంటనే వస్తుంది. అంతకు మించినవి ఏకగవాక్ష పద్ధతిలోకి, అంటే అన్ని శాఖల అనుమతులూ ఒకే దరఖాస్తు మీద చూసే పద్ధతిలోకి వెళతాయి. వాటిపై నిర్ణయానికి గడువు 21 రోజులు. 2025లో బిల్డ్‌నౌ అనే కొత్త పోర్టల్ వచ్చింది గనుక దరఖాస్తు తెర మారింది.

స్వీయ ధ్రువీకరణ అనే మాటను మనవాళ్లు తేలికగా తీసుకుంటున్నారు. పూర్వం అధికారి వచ్చి చూసి సంతకం చేసేవాడు, తప్పు జరిగితే కొంత భారం ఆయన మీద కూడా ఉండేది. ఇప్పుడు "నేను నియమాలన్నీ పాటిస్తాను, చెప్పినవన్నీ నిజం" అని మనమే రాసి ఇస్తున్నాం. తరువాత తనిఖీకి వచ్చినప్పుడు ప్లాన్‌లో ఖాళీగా చూపిన చోట షెడ్డు కనిపిస్తే, ఆ మాట తప్పింది మనమే అవుతాం.

షెడ్డుకూ హద్దుకూ మధ్య ఎంత దూరం ఉండాలి?

షెడ్డుకు విడిగా ఒక దూరం లేదు. ప్లాటు మొత్తానికి ఎంత ఖాళీ వదలాలో 2012 ఏప్రిల్ 7న వచ్చిన జీవో 168 భవన నియమాల్లోని పట్టిక చెబుతుంది. ఆ ఖాళీలో ఇల్లు రాకూడదు, షెడ్డూ రాకూడదు. పట్టిక చదరపు మీటర్లలో ఉంటుంది, మనం మాట్లాడుకునేది గజాల్లో. అందుకే చాలామంది ఇక్కడ తడబడతారు. వంద చదరపు మీటర్లంటే సుమారు 120 గజాలు, రెండు వందలంటే 240, మూడు వందలంటే 360 అని గుర్తుంచుకుంటే పని సులువవుతుంది.

ప్లాటు 100 చదరపు మీటర్ల లోపు ఉండి, ఇల్లు ఏడు మీటర్ల ఎత్తు మించకపోతే పక్కలకూ వెనకకూ ఖాళీ వదలనవసరం లేదు. ముందు మాత్రం కనీసం మీటరున్నర వదలాలి. 100 నుంచి 200 చదరపు మీటర్ల ప్లాటులో పది మీటర్ల ఎత్తు వరకు పక్కలా వెనకా ఒక్కో మీటరు వదలాలి. 200 నుంచి 300 మధ్య ఉంటే ఏడు మీటర్ల ఎత్తు ఇంటికి మీటరు, పది మీటర్ల ఇంటికి మీటరున్నర. 300 నుంచి 400 మధ్య అదే మీటరున్నర, రెండు మీటర్లు అవుతుంది; ప్లాటు పెరిగే కొద్దీ ఈ దూరం కూడా పెరుగుతూ పోతుంది. ముందువైపు వదలవలసింది రోడ్డు వెడల్పును బట్టి మారుతుంది కాబట్టి దాని సంగతి వేరుగా చూసుకోవాలి.

మన పట్టణాల్లో ఎక్కువగా కనిపించే 200 గజాల ప్లాటును తీసుకుందాం. నలభై అడుగుల వెడల్పు, నలభై అయిదు అడుగుల లోతు అనుకుంటే అది 167 చదరపు మీటర్లు. రెండు పక్కలా, వెనకా మూడడుగుల మూడంగుళాల చొప్పున, ముందు దాదాపు అయిదడుగులు వదలాలి. అంటే కట్టుకోదగిన జాగా అడ్డంగా ముప్పై మూడున్నర అడుగులు, లోతుగా ముప్పై ఆరున్నర అడుగుల పైచిలుకు. ఇల్లు ఈ చతురం మొత్తాన్నీ ఆక్రమించేలా కడితే షెడ్డుకు చట్టబద్ధమైన జాగా అంగుళం కూడా మిగలదు. ఇల్లు కట్టేటప్పుడే వెనక పది అడుగులు వదులుకున్నవారు హద్దు నుంచి మీటరు విడిచి, మిగిలిన ఆరున్నర అడుగుల వెడల్పులో షెడ్డు వేసుకోవచ్చు. ప్లాన్ గీయించుకోవడానికి వచ్చినవారికి నేను ఈ మాట ముందే చెబుతాను. "షెడ్డు సంగతి తరువాత చూద్దాంలే సార్" అంటారు, రెండేళ్లకు మళ్లీ వస్తారు.

ప్లాటు 300 చదరపు మీటర్లు దాటితే మరో నియమం తోడవుతుంది. ముందువైపు కాక మిగిలిన హద్దుల వెంట కనీసం మీటరు వెడల్పున పచ్చదనపు పట్టీ పెంచాలి. పెంచకపోతే ఆస్తిపన్నుపై ఏటా పది శాతం అదనపు భారం వేసే వీలు నియమాల్లో ఉంది. షెడ్డు వేస్తే ముందు పోయేది ఆ పట్టీయే.

ఆ దూరాన్ని గోడ నుంచి కొలవాలా, రేకు అంచు నుంచి కొలవాలా?

రేకు అంచు నుంచి కొలుచుకోండి. బాల్కనీల విషయంలో, వదలవలసిన ఖాళీ బాల్కనీ అంచు నుంచి బయటికి పూర్తిగా ఉండాలని నియమాలు స్పష్టంగా చెబుతాయి. కిటికీ మీద వేసే చిన్న సన్‌షేడుకు ఉన్న సడలింపును చూపించి, స్తంభాల మీద నిలిచిన రేకుల కప్పును ఖాళీలోకి జరపడం కుదరదు.

ఈ సంగతి నేను నా సొంత ఇంట్లోనే తెలుసుకున్నాను. చాలా ఏళ్ల కింద మా పెరట్లో పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పుతో షెడ్డు వేశాను. గోడ నా హద్దులోనే ఉందని టేపు పట్టి రెండుసార్లు చూసుకున్నాను గానీ, వాలు పక్కింటి వైపు పెట్టి, చూరును తొమ్మిది అంగుళాలు ముందుకు వదిలాను. మొదటి వానకు పక్కింటి పెద్దమ్మ గోడ అవతల నిలబడి, "బిడ్డా, నీ గోడ నీ జాగల్నే ఉన్నది, నీళ్లే నా జాగల పడుతున్నయి గద" అన్నది. ఆమె గోడ మీద చూరునీళ్లు పడినంత మేర మట్టి రంగు చార, కింద నేలలో వరసగా చిన్న చిన్న గుంటలు, వాటి పక్కన తడిసిన వడియాల చాప. ఎనభై చదరపు అడుగుల కప్పు మీద రెండు సెంటీమీటర్ల వాన పడితే దాదాపు 150 లీటర్ల నీళ్లు జారుతాయి. లెక్కలు వేసి బతికేవాడినై ఉండి ఆ లెక్క నేను వేసుకోలేదు. మరుసటి వారమే రేకులు విప్పించి వాలును నా వైపు తిప్పి, చివర గట్టరు పెట్టి, ఆ నీళ్లను ఇంకుడు గుంతలోకి వదిలాను.

అందుచేత వాలు ఎప్పుడూ మీ పెరటి వైపే ఉండాలి. హద్దు వైపు ఎత్తు, లోపలి వైపు పల్లం. వదలవలసిన ఖాళీని పూర్తిగా వదిలిన తరువాత కూడా ఈ జాగ్రత్త అవసరమే, ఎందుకంటే గాలివానలో మీటరు దూరం నీళ్లకు లెక్కలోది కాదు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట వచ్చే గాలిదుమ్ముకు రేకులు ఎగిరి పక్కింటి మీద పడకుండా ప్రతి పట్టీకీ బోల్టులు బిగించడం కూడా ఇందులో భాగమే.

హద్దు ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? ప్రహరీ గోడే హద్దు కాదా?

కావచ్చు, కాకపోవచ్చు. లేఅవుట్ ప్లాటులో హద్దురాళ్లు పాతినప్పుడు సరిగానే ఉంటాయి. పక్కవారు ముందుగా ఇల్లు కట్టేటప్పుడు లారీ చక్రానికి రాయి కదులుతుంది, మేస్త్రీ తాడు కట్టేటప్పుడు నాలుగంగుళాలు ఇటు జరుగుతుంది, ఆ తప్పు వరసగా వీధి చివరి ప్లాటు దాకా పోతుంది. చివరి ప్లాటాయన కొలిచే రోజుకు అడుగున్నర తక్కువ వస్తుంది. కాబట్టి మొదట మీ రిజిస్ట్రీ కాగితంలో చౌహద్దులు, కొలతలు చూడండి. తరువాత ఆమోదించిన లేఅవుట్ ప్లాన్‌లోని కొలతలతో పోల్చండి. ఆ తరువాతే టేపు పట్టండి. వీధి మూల నుంచి మీ ప్లాటు వరకు కొలుచుకుంటూ వస్తే తప్పు ఎక్కడ జరిగిందో దొరుకుతుంది.

సర్వే నంబరు భూమిలో కొన్న జాగా అయితే మీసేవలో దరఖాస్తు పెట్టి మండల సర్వేయరు చేత హద్దులు పెట్టించుకోవచ్చు. పక్కవారికి నోటీసు ఇచ్చి, వారు ఉండగా కొలిపించిన కొలతకే విలువ. వారు ఊరికి వెళ్లిన రోజు చూసి కొలిపించినది మళ్లీ కొలవక తప్పదు.

మరో మాట. పొరపాటున అయినా సరే, ఒకరి జాగాలో మరొకరి కట్టడం బహిరంగంగా, అసలు యజమాని హక్కును కాదంటూ పన్నెండేళ్లు నిలిస్తే ఆ జాగాను తిరిగి పొందే దావాకు 1963 నాటి కాలపరిమితి చట్టం అడ్డు వస్తుంది. అరడుగే కదా అని ఊరుకున్నవారు ఈ పన్నెండేళ్ల లెక్కను మనసులో పెట్టుకోవాలి. కనీసం ఒక ఉత్తరం రాసి దాని నకలు దాచుకోవాలి.

పక్కింటివారు ఒప్పుకొని సంతకం పెట్టారు. ఇక ఇబ్బంది లేదు కదా?

వారితో ఇబ్బంది ఉండదు, నియమంతో ఉంటుంది. ఖాళీ వదలమన్నది పక్కింటివారి కోసం మాత్రమే కాదు. గాలి, వెలుతురు, నిప్పు అంటుకున్నప్పుడు మనిషి నడిచి రావడానికి దారి, ఇవన్నీ దాని వెనక ఉన్న కారణాలు. ఒప్పుకున్నాయన రేపు ఇల్లు అమ్మితే కొన్నాయన ఒప్పుకోవాలని లేదు. ఆ కాగితాన్ని పారేయకండి, మంచి మాటకు పనికివస్తుంది. అనుమతికి బదులుగా మాత్రం పనికిరాదు.

వాస్తు ప్రకారం బరువు నైరుతిలో ఉండాలంటారు. ఆ మూలలో గోడకు ఆనించి వేసుకోవచ్చా?

ఈ ప్రశ్న లేకుండా మన జిల్లాల్లో ఏ ప్లానూ పూర్తి కాదు. తూర్పు, ఉత్తరాలు ఎక్కువ ఖాళీ వదిలి, పడమర, దక్షిణాలు తక్కువ వదలాలని, ఈశాన్యంలో బరువు పెట్టకూడదని అందరూ చెబుతారు. దాంతో షెడ్డు నైరుతి మూలకో, వాయవ్యానికో పోయి రెండు గోడలకూ ఆనుకుంటుంది. నియమాలు దిక్కులను చూడవు. నైరుతిలోనే వేసుకోండి, కాని పడమర గోడ నుంచీ దక్షిణపు గోడ నుంచీ వదలవలసినంత వదిలి వేసుకోండి. నైరుతి అనేది ఒక భాగమే తప్ప గోడ మూలలోని బిందువు కాదని వాస్తు పండితులు కూడా ఒప్పుకుంటారు.

ఇక్కడ జీవో 168లోని ఒక సడలింపు పనికివస్తుంది. నిర్ణీత ప్లాట్లలో ఒక పక్క వదలవలసిన ఖాళీలో మీటరు వరకు ఎదుటి పక్కకు మార్చుకోవచ్చు. అయితే ఏ పక్కనా కనీసం మీటరుకు తగ్గకూడదు, మొత్తం కట్టడపు విస్తీర్ణం పెరగకూడదు. అంటే పడమర రెండు మీటర్లు వదలవలసిన పెద్ద ప్లాటులో అక్కడ మీటరు వదిలి, తూర్పున మూడు మీటర్లు వదలవచ్చు. ఇది మంజూరైన ప్లాన్‌లో ముందే చూపించుకోవలసిన సంగతి. కట్టిన తరువాత గుర్తు చేసుకునేది కాదు.

మా షెడ్డు వల్ల పక్కింటి కిటికీ మూసుకుపోతుందంటున్నారు. మా జాగాలో మేము వేసుకుంటే వారికేమి హక్కు?

వదలవలసిన ఖాళీ వదిలి వేస్తే సాధారణంగా ఈ గొడవ రాదు. కాని ఆ కిటికీ గుండా వెలుతురు, గాలి ఇరవై ఏళ్లు ఆటంకం లేకుండా, హక్కుగా అనుభవించి ఉంటే ఆ హక్కు స్థిరపడిందని వాదించడానికి కాలపరిమితి చట్టం వారికి వీలు కల్పిస్తుంది. పాత బస్తీల్లో, ముఖ్యంగా గోడకు గోడ ఆనుకొని ఉన్న ఇళ్లలో, షెడ్డు ఎత్తును కిటికీ కిందకే ఆపడం ఉత్తమం.

మా అబ్బాయి ఇంగ్లండులో ఉంటాడు. అక్కడ తోటలో షెడ్డుకు అనుమతి అక్కర్లేదంటాడు. ఇక్కడెందుకు ఇంత తతంగం?

అబ్బాయి చెప్పింది నిజమే, కాని సగం నిజం. ఇంగ్లండులో ఇంటి తోటలో వేసే షెడ్డు కొన్ని హద్దుల్లో ఉంటే ప్రణాళికా అనుమతి కోసం దరఖాస్తు చేయనవసరం లేదు. ఒకే అంతస్తు ఉండాలి. చూరు ఎత్తు రెండున్నర మీటర్లు మించకూడదు. మొత్తం ఎత్తు రెండు వాలుల కప్పుకు నాలుగు మీటర్లు, మిగిలిన కప్పులకు మూడు మీటర్లు. ఇంటి ముఖభాగానికి ముందు వేయకూడదు. మొదట కట్టిన ఇంటి చుట్టూ ఉన్న జాగాలో ఇలాంటి కట్టడాలన్నీ కలిసి సగానికి మించి ఆక్రమించకూడదు. షెడ్డులో ఏ భాగమైనా హద్దుకు రెండు మీటర్ల లోపల ఉంటే మొత్తం ఎత్తు రెండున్నర మీటర్లు దాటకూడదు. చారిత్రక కట్టడంగా నమోదైన ఇల్లయితే లెక్క మళ్లీ వేరు.

గమనించండి, అక్కడి నియమం హద్దుకు దగ్గరగా వచ్చే కొద్దీ ఎత్తును తగ్గించమంటుంది. మన నియమం ఎత్తు ఎంతైనా హద్దు నుంచి దూరం జరగమంటుంది. అక్కడ రెండున్నర మీటర్ల షెడ్డు కంచెకు ఆనుకొని చట్టబద్ధంగా నిలుస్తుంది, ఇక్కడ వంద చదరపు మీటర్లు దాటిన ప్లాటులో అదే షెడ్డు నిలవదు. వీడియో కాల్‌లో చూసిన షెడ్డును ఇక్కడి ప్రహరీకి ఆనించి కట్టించిన తల్లిదండ్రులు నాకు తెలుసు.

ఇంటి ముందు రోడ్డు వైపు షెడ్డు వేసి మల్గీగా (దుకాణంగా) కిరాయికి ఇవ్వవచ్చా?

ముందు వదిలిన ఖాళీలో వేయకూడదు. పైగా నివాస అనుమతితో కట్టిన చోట వ్యాపారం పెడితే వినియోగం మారినట్లు లెక్క. ఆస్తిపన్ను కూడా మారుతుంది. మూల ప్లాటు అయితే మలుపు దగ్గర కోసి వదలవలసిన భాగం ఒకటి ఉంటుంది, మూలన మల్గీ పెట్టాలనుకునేవారు సరిగ్గా దాని మీదే కన్నేస్తారు.

కరెంటు తీగలు, చెరువు, గుడి దగ్గర ఉంటే ఏమైనా ప్రత్యేక నియమాలున్నాయా?

ఉన్నాయి, ఇవి హద్దు నియమం కంటే గట్టివి. హైటెన్షన్ తీగకు కట్టడం నిలువుగానూ అడ్డంగానూ మూడు మీటర్ల దూరంలో, లోటెన్షన్ తీగకు మీటరున్నర దూరంలో ఉండాలని భవన నియమాలు చెబుతాయి. వెనక సందులో స్తంభం ఉన్న ఇళ్లవారు రేకులు ఎక్కించే రోజు మరింత జాగ్రత్తగా ఉండాలి. పన్నెండడుగుల రేకును నిలువుగా లేపినప్పుడు అది ఎంత ఎత్తుకు పోతుందో కింద నిలబడినవారికి అంచనా అందదు.

చెరువుల విషయానికి వస్తే, పది హెక్టార్లు, అంతకు మించిన చెరువు పూర్తి నీటిమట్టం గీత నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువు, కుంట అయితే 9 మీటర్లు ఏ కట్టడమూ రాకూడదు. వాగు, కాలువ అయితే 9 మీటర్లు, చిన్న నాలా అయితే 2 మీటర్లు. గీత అంటే ఎండాకాలంలో నీళ్లు కనిపించే అంచు కాదు, చెరువు నిండుగా ఉన్నప్పటి అంచు; వరసగా రెండేళ్లు వానలు లేక కుంట ఎండిపోయినప్పుడు కొన్నవారు ఇక్కడే మోసపోతారు.

అలంపురంలో కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న ఆలయాల చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అక్కడ పురపాలక అనుమతి ఒక్కటే చాలదు.

మాది పల్లె. గ్రామ పంచాయతీలో కూడా ఇవన్నీ ఉంటాయా?

2018 నాటి పంచాయతీరాజ్ చట్టం కింద గ్రామాల్లో అనుమతి ఇచ్చేది గ్రామ పంచాయతీ. ముందుగా కలవవలసింది పంచాయతీ కార్యదర్శిని. గ్రామకంఠంలోని పాత ఇళ్ల పరిస్థితి ప్రత్యేకం. అక్కడ రెండిళ్లకూ కలిపి ఒకటే గోడ ఉంటుంది, రిజిస్ట్రీ కాగితం చాలామందికి ఉండదు, హద్దు తాతల మాట మీద నిలిచి ఉంటుంది. అలాంటి ఉమ్మడి గోడ మీద దూలం పెట్టి కొట్టం వేయడానికి ముందు పెద్దమనుషుల సమక్షంలో కొలతలు రాసుకొని ఇద్దరూ సంతకాలు చేయడం, ఫొటో తీసి ఉంచుకోవడం అవసరం. బర్రెల కొట్టమైతే పేడనీళ్లు ఎటు పోతాయో కూడా ఆ కాగితంలోనే రాయించండి.

షెడ్డు ఇప్పటికే వేశాం. క్రమబద్ధీకరించుకునే వీలుందా? ఇంటిపన్ను కూడా కడుతున్నాం.

పన్ను కట్టినంత మాత్రాన కట్టడం సక్రమం కాదు. పన్ను వసూలు చేసే విభాగం ఉన్నదాన్ని కొలిచి పన్ను వేస్తుంది. అనుమతి సంగతి వేరే విభాగం చూస్తుంది. ప్రభుత్వాలు 2007లోనూ, 2015లోనూ అక్రమ కట్టడాల క్రమబద్ధీకరణ పథకాలు తెచ్చిన మాట నిజమే. 2015 నాటి పథకం ఆ ఏడాది అక్టోబర్ 28 నాటికి కట్టినవాటికి సంబంధించినది. నిన్న మొన్న వేసిన షెడ్డు అందులోకి రాదు. మళ్లీ పథకం వస్తుందన్న ఆశ మీద ఇనుము కొనడం తెలివైన పని కాదు.

షెడ్డు ఖాళీ జాగాలో ఒక అడుగు మేరకే చొచ్చుకువచ్చి ఉంటే నా సలహా సూటిగా ఉంటుంది. రేకుల షెడ్డుకు ఉన్న గొప్ప సుగుణం దాన్ని విప్పి జరపవచ్చు. వెల్డింగు చేసేవాణ్ణి ఒక రోజు పిలిపించి ఆ వరస పైపులను లోపలికి మార్పించుకోండి.

నోటీసు వచ్చింది. చెప్పకుండా కూల్చివేస్తారా?

స్వీయ ధ్రువీకరణకు విరుద్ధంగా కట్టినదాన్ని నోటీసు లేకుండానే తొలగించవచ్చని రాష్ట్ర చట్టంలో ఉంది. 2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మాత్రం, కూల్చివేతకు ముందు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి, కనీసం 15 రోజుల గడువు ఇచ్చి, యజమాని మాట వినాలని దేశమంతటికీ వర్తించేలా నిర్దేశించింది. రోడ్డు, కాలిబాట, నది, చెరువు వంటి బహిరంగ స్థలాల్లోని కట్టడాలకు ఆ రక్షణ లేదు. కాబట్టి నోటీసును చించి పారేయకుండా, ఆ పదిహేను రోజుల్లో మంజూరైన ప్లాన్, రిజిస్ట్రీ, నలువైపులా టేపు పెట్టి తీసిన ఫొటోలు జతచేసి రాతపూర్వకంగా జవాబివ్వండి, అందినట్లు ముద్ర వేయించుకోండి. తప్పు ఉన్నమాట నిజమైతే, ఫలానా తేదీలోగా మేమే తొలగించుకుంటామని రాయడంలో నామోషీ లేదు.

పక్కింటివారే మా హద్దుకు ఆనించి షెడ్డు వేస్తున్నారు. మేమేం చేయాలి?

పునాది తీస్తున్న రోజే మాట్లాడండి. రేకులు ఎక్కిన తరువాత మాట్లాడితే అది ఖర్చు గురించిన గొడవ అవుతుంది, ముందే మాట్లాడితే కొలత గురించిన మాట అవుతుంది. వినకపోతే పురపాలక కార్యాలయంలో పట్టణ ప్రణాళికా విభాగానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజావాణిలో కూడా ఇవ్వవచ్చు. వారి మంజూరు ప్లాన్ నకలు కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే సాధారణంగా 30 రోజుల్లో జవాబు రావాలి.

కోర్టుకు వెళ్లేముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను ఒకసారి కలవండి. దావా వేయకముందే ఇద్దరినీ పిలిపించి లోక్ అదాలత్‌లో రాజీ కుదిర్చే వీలుంది, అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. మూడడుగుల జాగా కోసం ఎనిమిదేళ్లు వాయిదాలు తిరిగిన ఇద్దరు అన్నదమ్ములను నేనెరుగుదును. చివరికి ఆ మూడడుగుల్లో తుమ్మ చెట్టు మొలిచింది.

మా ప్లాటులో షెడ్డుకు చట్టబద్ధమైన జాగా లేదని తేలింది. సామాను ఎక్కడ పెట్టుకోవాలి?

మెట్ల కింది జాగాను ముందు చూడండి. అక్కడ తలుపు పెడితే చాలా ఇళ్లలో సామానులో సగం సర్దుకుంటుంది. మిద్దె మీద రేకులు వేద్దామని అడుగుతారు గానీ, అది కూడా కట్టడమే, పైగా ఇంటి ఎత్తును పెంచి ఏడు మీటర్ల లెక్కను పది మీటర్ల లెక్కలోకి నెట్టవచ్చు. అప్పుడు పక్కల వదలవలసిన ఖాళీ కూడా పెరుగుతుంది. నేలలో పాతకుండా, కప్పు వేయకుండా, నడకకు దారి వదిలి గోడ పక్కన పెట్టుకునే ఇనుప పెట్టె, మూతతో ఉన్న ప్లాస్టిక్ డబ్బా వంటివాటిని కట్టడమని ఎవరూ అనరు. గడ్డపార, పార, నీళ్ల పైపు పెట్టుకోవడానికి ఆరడుగుల పెట్టె చాలు. వడ్ల బస్తాలు మాత్రం ఇంట్లోనే పెట్టుకోండి, రేకుల కింద ఎండాకాలపు వేడికి వాటికి పురుగు తొందరగా పడుతుంది.